రొట్టెల బండి ఇంజను

సస్కాచెవాన్‌లో నవంబరంటే
స్పానరు వేళ్లకు అతుక్కునే నెల.
ఒరెస్ట్ షెడ్డులో డెబ్బై రెండు నాటి పికప్,
అరటన్ను మోసే తేలికపాటి బండి,
బానెట్ ఊడదీస్తే
పళ్ల డాక్టరు ముందు నోరు తెరుచుకుని
కూర్చున్నట్టుంది.

పాత పెట్రోలు ఇంజను బయట మంచులో పడుంది.
"తాగినదానికి లెక్కుంది, లాగినదానికి లేదు."
దానికి జరిగిన సంతాపసభ అంతే.

గొలుసుకు వేలాడుతోంది కొత్తది.
కొత్తదంటే నాకన్నా ఏడేళ్లు పెద్దది.
నాలుగు సిలిండర్ల డీజిలు,
యార్క్‌టన్‌లో మూతబడ్డ బేకరీ వాళ్ల
రొట్టెల బండి కడుపులోంచి తీశాం.
బండి తుప్పై రాలిపోయింది, ఇదేమో చెక్కుచెదరలేదు.
దాని పక్కటెముకల సందుల్లో నల్ల జిడ్డు,
ఆ జిడ్డులో ఒక షాజీరా గింజ.
గోటితో తీసి జేబులో వేసుకున్నాను,
ఎందుకో.

నా పని లైటు పట్టుకోవడం.
నేను చూసే చోట కాదు
ఆయన చూసే చోట పట్టాలి.
ఇది ఒంటబట్టడానికి
నాకు రెండు చలికాలాలు పట్టింది.

ఆయిలు చట్టి ఇరుసుకు తగిలింది.
పైకెత్తితే ఫ్యాను రేడియేటరును కొరికింది.
వెనక్కి జరిపితే రేకు గోడ.
గోడకి ఒరెస్ట్ సుత్తితో నచ్చజెప్పాడు,
సాయంత్రం దాకా.

గేరుబాక్సుకీ దీనికీ వరస కలవదు.
మధ్యవర్తిగా ఒక అల్యూమినియం పళ్లెం కోశాం.
అది రెండు మిల్లీమీటర్ల అబద్ధం చెప్పింది.
రెండోది ఆయన చెల్లెలు హల్యా కొలిచింది,
బడిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పిన మనిషి.
బోల్టులన్నీ కిక్కురుమనకుండా దిగాక
సుద్దముక్క తీసుకుని షెడ్డు తలుపు మీద
మా ఇద్దరికీ కలిపి ఒకటే సున్నా చుట్టింది.

"పాత ఒంట్లో కొత్త గుండె" అన్నాను నేను,
పుస్తకాలు చదివిన పాపానికి.
ఒరెస్ట్ బండి కిందనుంచే అన్నాడు:
"నాకు రెండుసార్లు గుండెపోటొచ్చింది, అమ్మాయ్.
గుండె ఇంత బరువుండదు.
ముందు స్ప్రింగులు మార్చు,
కవిత్వం తర్వాత."

మార్చకముందే ఒకసారి దింపి చూశాం, ఆగలేక.
బండి రెండంగుళాలు మూతి వంచింది,
ప్రార్థన సగమయ్యాక చర్చిలోకొచ్చినవాడిలా.

ఫిబ్రవరి. మైనస్ ముప్పై.
రాత్రంతా కరెంటు వైరు గుచ్చి వెచ్చబెట్టాం.
వెండెల్‌ని కూడా పిలిచాం.
ఇరవై రెండేళ్లు ఆ రొట్టెల బండి తోలింది అతనే.
చెవులు కప్పే టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు,
అంత చలిలో.

మొదటి తిప్పుకి తెల్లపొగ.
రెండోదానికి దగ్గు.
మూడోదానికి షెడ్డు రేకులన్నీ పేరుపేరునా పలికాయి,
డబ్బాలో మేకులు లేచి నడిచాయి,
హల్యా కాఫీలో వలయం మీద వలయం.
వెండెల్ ఏమీ అనలేదు.
అతని కుడిచెయ్యి మాత్రం గాల్లోకి లేచి
లేని తలుపు పిడి పట్టుకుని
పక్కకి జరిపింది.
చెయ్యి చేసిన పని చూసుకుని
జేబులో దాచేశాడు.
గింజ సంగతి చెబుదామనుకున్నాను.
చెప్పలేదు.

ఇప్పుడు తోలేది నేనే.
వెనక అద్దంలో ఒక్క రోడ్డు మూడుగా వణుకుతుంది.
వారానికో మర వదులవుతుంది, బిగిస్తాను.
గోధుమ బస్తాలు ఎన్ని ఎత్తినా
చీమ కుట్టినట్టైనా ఉండదు దానికి.

ఎనభై దాటితే మాత్రం
మూలిగి, ఇంకో గేరు అడుగుతుంది.
ఇంకో గేరు లేదు.
"ఇరుసు నిష్పత్తి సరిపోలేదు" అంటాడు ఒరెస్ట్.
కావచ్చు.
నేను మటుకు కాలు కాస్త పైకి తీస్తాను,
వెనకాల రొట్టెలు నలిగిపోతాయని
దాని భయమేమో.